నాయికావస్థయు స్త్రీ స్వత్వమును : రాధికాసాంత్వనముపై పునర్విచారము

ఆంగ్ల సాహిత్యమున కాల్పనిక యుగమును, విక్టోరియా యుగమును గూర్చి వ్రాయు విమర్శకులు గత అర్ధశతాబ్దిగా ఒక ప్రశ్నను విడువక అడుగుచున్నారు. ఆ కావ్యములందును నవలలందును కనబడు స్త్రీ ఎవరు? కవి చూచిన స్త్రీయా, కవి కోరిన స్త్రీయా, లేక తన్ను తాను ఎరిగిన స్త్రీయా? ఈ ప్రశ్నతో ప్రాచ్య కళాశాలల వారికి పని లేదని తలచువారు మనలో కలరు. నాయికా ప్రకరణమును బోధించు ప్రతి అధ్యాపకునకును దీనితో పని యున్నదని నా తలంపు. ఆ ప్రకరణమును మనము భానుదత్తుని పేరుతో బోధించుచున్నాము. విలువ కట్టు సమయము వచ్చినపుడు మాత్రము మనకు తెలియకయే విక్టోరియా యుగపు తూనికరాయిని చేత పట్టుచున్నాము. ముద్దుపళని రచించిన రాధికాసాంత్వనమునకు పట్టిన గతి దీనికి నిదర్శనము.

ముందుగా ఆంగ్ల పక్షమును కొంత చూడవలెను. వర్డ్స్‌వర్త్ మహాకవి 1807లో ప్రకటించిన పసుపుపచ్చని పూల కవిత మన ఆంగ్ల వాచకములలో చాలకాలము పాఠ్యముగా ఉండినది. ఆ పూలను ఆయన ఏకాకియై చూచినట్లు కవితలో చెప్పుకొనినాడు. వాస్తవమున 1802 ఏప్రిల్ 15వ తేదీన సరస్సు గట్టున ఆయనతో పాటు సోదరి డొరతీ కూడ నడచినది. ఆ దినమే తన దినచర్య పుస్తకమున ఆ దృశ్యమును వర్ణించినది. ఆమె వ్రాతలో కర్త ‘మేము’. రెండు సంవత్సరముల తరువాత అన్న కవితలో కర్త ‘నేను’. అన్న దొంగిలించినాడని నేను అనను. కవి లోకములో అట్టి ఆదానప్రదానములు సహజములు. కాని ‘మేము’ అను ఉత్తమ పురుష బహువచనము ఏకవచనముగా మారినపుడు లోపించినది ఎవరు అని అడుగుట న్యాయము. ఇట్టి చిన్న చిన్న సర్వనామములను పట్టుకొని ప్రశ్నించుటయే ఆ పరిశోధకుల మార్గము. వ్యాకరణము చదివిన మనకు ఇది పరాయి మార్గము కాదు.

విక్టోరియా యుగమున పరిస్థితి వేరు. కాల్పనిక కవి స్త్రీని తన ఊహలో కలుపుకొనగా, విక్టోరియా యుగము ఆమెను ఇంటిలో ప్రతిష్ఠించినది. కవెంట్రీ పాట్మోర్ 1854లో ఆరంభించిన కావ్యమునకు ‘గృహమందలి దేవత’ అను అర్థము వచ్చు పేరు పెట్టినాడు. 1865లో అచ్చైన ఉపన్యాసములలో రస్కిన్ స్త్రీని ఇంటికి రాణిని చేసి, ఆమె విద్యకు ప్రయోజనము ఇంటివారి శ్రేయస్సు అన్నట్లు ప్రతిపాదించినాడు. ఈ దేవతను చంపిన గాని తన కలము కదలలేదని వర్జీనియా వుల్ఫ్ 1931లో ఒక ప్రసంగమున చెప్పినది. స్త్రీకి సాహిత్యము జీవితవ్యాపారము కారాదని సదీ కవి 1837లో ఒక యువతికి ఉత్తరము వ్రాసినాడు. ఆ యువతి షార్లట్ బ్రాంటీ. పది సంవత్సరముల పిమ్మట ఆమె ‘జేన్ ఐర్’ నవలను వెలువరించినది. స్వంత పేరుతో కాదు, కరర్ బెల్ అను మారు పేరుతో. ఆ నవలలో మేడపై గదిలో బంధింపబడిన జమైకా స్త్రీ బెర్తాకు తన మాటగా చెప్పుకొను అవకాశము ఎచ్చటను లేదు. సాండ్రా గిల్బర్ట్, సూసన్ గుబార్ 1979లో ఆ బందీని రచయిత్రి అణచుకొన్న కోపమునకు ప్రతిరూపముగా వ్యాఖ్యానించినారు. 1985లో గాయత్రీ చక్రవర్తి స్పివాక్ అది చాలదన్నది. ఒక ఆంగ్ల స్త్రీ వ్యక్తిగా ఎదుగుటకు ఒక వలస దేశపు స్త్రీ బలి కావలసివచ్చినదే, ఆ సంగతి ఏమి అని ఆమె ప్రశ్న. నా దృష్టిలో ఈ మూడవ ప్రశ్నయే మనకు మిక్కిలి దగ్గరిది.

మారు పేరు అనగానే కాకతీయ భూమిలో నివసించు మనకు రుద్రమదేవి తలపునకు రావలెను. గణపతిదేవుడు కుమార్తెను కుమారునిగా భావించి రుద్ర నామము ఉంచిన సంగతి విద్యానాథుని ప్రతాపరుద్రీయము చెప్పుచున్నది. శాసనములలో ఆమె రుద్రదేవ మహారాజు. ఒక విచిత్రమును గమనింపవలెను. అదే గ్రంథమున నాయికలను నిరూపించు చోట అష్టవిధ నాయికలున్నారు. రాజ్యమేలిన స్త్రీ ఆ పట్టికలో లేదు. ఆమె కనబడునది నాటక ప్రకరణమున, అదియు పుంనామముతో. ఒకే గ్రంథమున, ఒకే రాజవంశపు నీడలో, లక్షణము ఎరుగని స్త్రీని లక్ష్యము ఎరిగినది. ఈ అంశమును మనము తరగతిలో ఎంతమందిమి చెప్పుచున్నాము?

ఇక మన నాయికా ప్రకరణమును చూతము. భరతుడు చెప్పిన వాసకసజ్జిక, విరహోత్కంఠిత, స్వాధీనభర్తృక, కలహాంతరిత, ఖండిత, విప్రలబ్ధ, ప్రోషితభర్తృక, అభిసారిక అను ఎనిమిదియు అవస్థలు. ఇవి ఎనిమిదిమంది స్త్రీలు కారు. ఉదయమున ఖండిత అయినది మధ్యాహ్నమునకు కలహాంతరిత, రాత్రికి అభిసారిక కావచ్చును. ఇది శీలమును తూచు విభాగము కాదు. చిత్తవృత్తిని గుర్తించు విభాగము. గోదావరి తీరమున, ధర్మపురి ప్రాంతమున మేము చదువుకొన్న దినములలో, పదునారు పదునేడేండ్ల బాలురకు అమరుకమును పెదకోమటి వేమభూపాలుని శృంగారదీపికతో పాఠము చెప్పెడివారు. ఏ శ్లోకమును విడువలేదు. నాయిక ఎవరు, అవస్థ ఏది, స్థాయికి పోషకమైన సంచారి ఏది అను ప్రశ్నలే గాని, ఆమె మంచిదా చెడ్డదా అను ప్రశ్న మా గురువుల నోట వినలేదు. తరువాత నేను కళాశాలలో అడుగిడునప్పటికి, అవే శ్లోకములు ‘పరీక్షకు రావు’ అను మాటతో దాటబడుచుండినవి. దాటిన వారు పాఠశాలల నుండి వచ్చిన వారే. మధ్యలో ఏమి జరిగినది?

అట్లని లక్షణశాస్త్రము నిర్దోషమని నేను వాదింపను. రసమంజరిలో తొలి విభాగమే స్వీయ, పరకీయ, సామాన్య అని. ఇది అవస్థ కాదు, పురుషునితో గల సంబంధము. ఒక మారు ఈ విభాగము చెప్పుచుండగా ఒక విద్యార్థిని లేచి, “స్వీయ అనగా తనది అని కదా గురువుగారూ, ఎవరికి తనది?” అని అడిగినది. స్వశబ్దము ఇచ్చట నాయకుని చెప్పును, నాయికను కాదు. శబ్దార్థము తెలిసిన పిల్ల వేసిన ప్రశ్న అది; దానికి భానుదత్తుని గ్రంథమున సమాధానము లేదు. ఈ విభాగములపై అసంతృప్తి కొత్తది కాదు. 17వ శతాబ్దిలో గోలకొండకు చెందిన అక్బరు షా పేర వెలసిన శృంగారమంజరి రసమంజరి నిర్వచనములను పట్టి పట్టి పరీక్షించినది. వి. రాఘవన్ పండితుడు దానిని పరిష్కరింపగా హైదరాబాదు పురావస్తు శాఖ 1951లో ప్రకటించినది. తెలుగు నేలపై పుట్టిన ఈ గ్రంథమును మన పరిశోధక విద్యార్థులు పేరునకు మాత్రమే ఎరిగియుండుట విచారకరము.

ప్రసంగవశమున ఒక వ్యాకరణాంశము. తెలుగున స్త్రీవాచకములకు ఏకవచనమున అమహత్తులతో సామ్యము, బహువచనమున మహత్తులతో సామ్యము కలదని బాలవ్యాకరణము చదివిన వారందరికి తెలియును. సీత వచ్చినది, సీతయు రాధయు వచ్చినారు. వ్యాకరణము సమాజమును శాసింపదు, కాబట్టి దీనినుండి పెద్ద సిద్ధాంతములు లాగరాదు. అయినను, ఒంటరియైన స్త్రీకి లేని మహత్త్వము ఇంకొక స్త్రీ పక్కన నిలిచినపుడు వచ్చుచున్నదన్న విషయము, రాధ కథ చదువునపుడు నాకు పదే పదే గుర్తునకు వచ్చును.

ముద్దుపళని తంజావూరు ప్రతాపసింహుని (1739-1763) ఆస్థానమునకు చెందిన గణిక. రాధికాసాంత్వనము నాలుగు ఆశ్వాసముల శృంగార ప్రబంధము. పీఠికలో ఆమె తన వంశమును స్త్రీల వరుసగా చెప్పుకొనినది, తంజనాయకి మనుమరాలినన్నది, పండితులకు తాను చేసిన సత్కారములను, కృతిభర్తగా తాను పొందిన గౌరవమును సగర్వముగా పేర్కొన్నది. తెలుగు కావ్యావతారికలలో పితృవంశ వర్ణనమే చదివి చదివి అలవడిన కంటికి ఇది అపూర్వము. 1887లో ఈ కావ్యము తొలిసారి అచ్చుపడినపుడు ఆ పీఠికయే తొలగింపబడినది. శృంగార పద్యములు కొన్ని తగ్గించుట ఆ కాలమునకు సహజమనుకొందము. పీఠికలో శృంగారము లేదు గదా. ఆమె ఎవరో ఆమె చెప్పుకొన్న భాగమే కత్తిరింపునకు గురియైనది.

తరువాత కందుకూరి వీరేశలింగము పంతులుగారు ఆంధ్ర కవుల చరిత్రమున ఈమెను ప్రస్తావించి, స్త్రీలు వినదగని మాటలు స్త్రీ నోట వచ్చుట తగదన్నారు. ఆమె నడతను నిందించినారు. పంతులుగారి యెడ నాకు గల గౌరవము తక్కువది కాదు. 1874లో ధవళేశ్వరమున బాలికలకు పాఠశాల పెట్టిన వారు, 1881లో వితంతు వివాహము జరిపించిన వారు, 1883లో సతీహితబోధిని పత్రికను నడిపిన వారు ఆయన. అయితే సంస్కర్తకు ఒక ఆదర్శ స్త్రీ కావలసియుండినది. చదువుకొన్నది, మితభాషిణి, గృహమును దిద్దునది అయిన ఆ స్త్రీ పోలిక రస్కిన్ చిత్రించిన రాణితో ఎంత దగ్గర! ఆమెను నిలబెట్టుటకు ముద్దుపళనిని పక్కకు నెట్టవలసివచ్చినది. బెర్తా గురించి స్పివాక్ అడిగిన ప్రశ్న ఇచ్చట మాట మాటకు సరిపోవును.

1910లో బెంగుళూరు నాగరత్నమ్మ వ్రాతప్రతి సంపాదించి, పీఠికతో సహా సంపూర్ణ కావ్యమును వావిళ్ల వారి ముద్రణముగా వెలువరించినది. ఈమెయే తరువాత తిరువయ్యూరున త్యాగరాజస్వామి సమాధి మందిరమును తన ధనముతో కట్టించిన విదుషి. పంతులుగారికి ఆమె ఇచ్చిన సమాధానమున వాదబలము కలదు. సిగ్గు స్త్రీలకేనా, పురుషులకు అవసరము లేదా అని ఆమె అడిగినది. పంతులుగారు స్వయముగా పరిశీలించి ఆమోదించిన వైజయంతీవిలాసమున ఇంతకు మించిన వర్ణనలున్నవి కదా అని చూపినది. శాస్త్రపరిభాషలో ఇది అతివ్యాప్తి దోషమును చూపుట. మీ లక్షణము వారికిని పట్టుచున్నది, అయినను వారిని విడిచితిరి అనుట.

1911లో మద్రాసు ప్రభుత్వము గ్రంథమును నిషేధించినది. నాడు అశ్లీల గ్రంథములకు భారత శిక్షాస్మృతి 292వ విభాగము వర్తించెడిది. గ్రంథము ఎవరి చేతిలో పడునో, వారి మనస్సు చెడునా అని చూచునట్టి 1868 నాటి ఆంగ్ల న్యాయస్థానపు కొలమానము దానికి ఆధారము. ఆ కొలమానమును మన సర్వోన్నత న్యాయస్థానము 2014లో గాని విడువలేదు. ఇచ్చట ఒక సూక్ష్మమున్నది. ఆంగ్ల న్యాయము ఎవరు చదువుదురు అని అడిగినది. మన పండితులు ఎవరు వ్రాసినారు అని అడిగినారు. రెండవ ప్రశ్న ఆంగ్ల చట్టమునకు తెలియనిది, మన అలంకారికులకు తెలియనిది. రసచర్చలో కవి లింగమును, కులమును, నడతను అడిగిన లక్షణకర్తను నేను ఎరుగను. టంగుటూరి ప్రకాశముగారు ప్రభుత్వమును నడిపిన 1946-47 నాటికి గాని నిషేధము తొలగలేదు; 1952లో కావ్యము పునర్ముద్రణ పొందినది. నాగరత్నమ్మ ఆ సంవత్సరమే కీర్తిశేషురాలైనది.

ఇంతకును కావ్యమున ఏమున్నది? రాధ ఇళ అను బాలికను పెంచి పెద్దచేసినది. యుక్తవయస్సున ఆమెను కృష్ణునికిచ్చి పెండ్లి చేసినది. తొలి రేయికి ఇళకు చెప్పవలసినది ఇళకు, కృష్ణునికి చెప్పవలసినది కృష్ణునికి తానే చెప్పినది. పిమ్మట విరహమును సహింపలేకపోయినది, అలిగినది. కృష్ణుడు వచ్చి ఓదార్చినాడు. రసమంజరి చేత పట్టుకొని చూడగా ఇళ ముగ్ధ, రాధ ప్రగల్భ. ఖండితాది అవస్థలును కుదురును. జ్యేష్ఠ, కనిష్ఠ అను భేదమును గూడ అన్వయింపవచ్చును గాని, ఆ భేదమునకు మానము నాయకుని ప్రేమ ఎవరిపై ఎక్కువ, ఎవరిపై తక్కువ అనునదే. రాధకు ఇళపై గల మమకారమును కొలుచు మానము శాస్త్రమున లేదు. శిక్షణము, ఉపాలంభము సఖి పనులు. ఇచ్చట నాయికయే సఖి; ఆ సఖిత్వము సపత్నికి. పెంచిన తల్లియు, నేర్పిన సఖియు, ఈర్ష్యపడిన ప్రియురాలును ఒకే దేహమున నిలిచిన ఈ స్థితికి భానుదత్తుడు పేరు పెట్టలేదు. ముద్దుపళని పేరు పెట్టక, నాలుగు ఆశ్వాసములు వ్రాసినది. నేను స్వత్వమనునది దీనినే.

కావ్యనామమును గూర్చి ఒక మాట. కృదంతయోగమున కర్తయందును కర్మయందును షష్ఠి వచ్చునని పాణిని (2.3.65) చెప్పినాడు. రాధికా శబ్దమును కర్మగా తీసికొన్న రాధను ఓదార్చుట, ప్రసిద్ధమైన అర్థమిది. కర్తగా తీసికొన్న రాధ చేసిన ఓదార్పు. పూర్వార్ధమున ఇళకు ధైర్యము చెప్పినది, కృష్ణునికి బుద్ధి చెప్పినది రాధయే. కవయిత్రి ఈ రెండర్థములను ఉద్దేశించినదని నిరూపింపజాలను. కావ్యము రెంటికిని చోటిచ్చుచున్నదని మాత్రము చెప్పగలను. విద్యార్థులకు షష్ఠీ తత్పురుషము బోధించుటకు దీనికన్న రసవంతమైన ఉదాహరణము నాకు దొరకలేదు.

రాధికాసాంత్వనము నిషిద్ధమైన ఆ దశాబ్దమందే రాయప్రోలు సుబ్బారావుగారి తృణకంకణము వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు శాఖను నడిపిన ఆయన ‘అమలిన శృంగారము’ అను సిద్ధాంతమును ప్రతిష్ఠించినారు. దేహసంగమము లేని, దానిని కోరనైన కోరని ప్రణయమది. సంగమాశ లేనిది విప్రలంభమెట్లగును, కరుణమున గాని భావకోటిలో గాని చేరును గదా అని లాక్షణికుడు శంకింపవచ్చును. దానిని అటుంచుదము. అమలినమన్న పదము పుట్టినపుడే మలినమన్న పదమును వెంట తెచ్చినది. అదెవరిదో 1911 నాటి ఉత్తర్వు చెప్పుచున్నది. భావకవి ప్రేయసి ఊర్వశి అయినది, ఆరాధ్య అయినది. ఆమెకు ఆకలి లేదు, అలుక లేదు, పెంచిన బిడ్డ లేదు. షెల్లీ 1821లో పీసా మఠమున బందీగా ఉన్న ఎమీలియాను సంబోధించి వ్రాసిన కావ్యమున ఎమీలియా తానుగా ఏమి తలచినదో ఎట్లు వినబడదో, ఇచ్చటను అట్లే. మన కరీంనగరు సీమకు చెందిన, హనుమాజీపేటలో జన్మించిన సి. నారాయణరెడ్డిగారు ‘ఆధునికాంధ్ర కవిత్వము: సంప్రదాయములు, ప్రయోగములు’ అను తమ పరిశోధనమున భావకవిత్వముపై ఆంగ్ల కాల్పనిక కవుల ప్రభావమును విస్తరముగా చర్చించినారు. ఆ చర్చ ముగిసిన చోట మన చర్చ మొదలు కావలెను. ఉర్దూ గజలున ప్రియురాలిని గూడ పుంలింగ క్రియతో చెప్పు సంప్రదాయమున్నది. ఆదిలాబాదు సీమ పండితులు సామల సదాశివగారి (1928-2012) రచనల వలన ఉర్దూ సంప్రదాయముతో పరిచయమైన తెలుగు పాఠకునకు, ప్రేయసి స్వరూపము మరుగుపడుట ఒక్క భాషకు పరిమితము కాదని సులభముగా బోధపడును. ఎంకి పాటలలోని ఎంకికి మాత్రము నామమున్నది, పొలమున్నది, మాట యున్నది. ఆమె స్వీయయా పరకీయయా అని తేల్చుటకు కూర్చున్న వాడు పాటను వినజాలడు.

స్త్రీలు స్త్రీలను గూర్చి వ్రాసిన చరిత్రను గూడ మన పాఠ్యప్రణాళికలు మరచినవి. భండారు అచ్చమాంబ (1874-1905) రచించిన అబలాసచ్చరిత్రరత్నమాల 1901లో వెలువడినది. అబల అను కోశపదమును శీర్షికలో నిలిపి, అది తప్పని లోపలి పుటలన్నిటను ఉదాహరించినది. ఆ గ్రంథమున శీలప్రశంస అధికమే; విక్టోరియా యుగపు నీడ ఆమెపైనను కలదు. కాని ఉదాహరణములను ఎంచుకొన్నది స్త్రీ, ఎంచుకొన్న కారణము చెప్పినది స్త్రీ.

మన కళాశాలలలో విద్యార్థినులు ముందు వరుసలలో కూర్చుండు కాలమిది. వారికి నాయికా ప్రకరణమును దాటవేయుట గాని, ఆ తొలి విభాగమును ప్రశ్న లేక వల్లె వేయించుట గాని నాకు సమ్మతము కాదు. రసమంజరి పక్కన రాధికాసాంత్వనపు ఇళా వివాహ ఘట్టమును, నాగరత్నమ్మ పీఠికను చేర్చి ఒక పత్రముగా చదివింపవచ్చును. పరిశోధనకు మన సీమలోనే సామగ్రి కలదు. బతుకమ్మ ఆటలో స్త్రీ స్త్రీతో చెప్పుకొను కథాగేయములున్నవి. అందు వక్త్రి, శ్రోత్రి, గాయని స్త్రీలే, నాయకుడు ఊరకే వచ్చిపోవుచుండును. జానపద గేయములపై బిరుదురాజు రామరాజుగారు వేసిన బాటలో సేకరణము కొంత జరిగినది. అలంకారశాస్త్రము చదివినవారు ఆ పాటలలోని అవస్థలను గుర్తించి, ఎనిమిదింటిలో ఇమడని వానిని విడిగా వ్రాసికొనిన, ఆ రెండవ పట్టికతో పని మొదలగును. కరీంనగరు, జగిత్యాల, మంథని, నిర్మలు ప్రాంతముల విద్యార్థినులు తమ ఇంటి పెద్దల నుండియే ఈ పాటలను వ్రాసి తేగలరు. అర్థము చెప్పునపుడు మనము వారి నుండి వినవలసినది కొంత యుండును.